ఐదు బొత్తాల కోటు

ఆరేళ్ళ వయసులో ఆమెకు జరిగిన అన్యాయాన్ని అన్యాయం అని ఎవరూ అనలేదు. అనడానికి వీల్లేకుండా జరిగింది.

ఒకటో తరగతిలో పిల్లలు వరసగా లేచి ఒక్కో వాక్యం చదవాలి. ఆమె వంతు వచ్చింది. లేచింది. మొదటి అక్షరం దగ్గరే మాట అడ్డం పడింది. "క... క... క..." అంటూ నిలబడిపోయింది. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకడు కాకిలా అరిచాడు. మాస్టారు వాళ్ళిద్దర్నీ గదమాయించి, ఆమె దగ్గరికొచ్చి తల నిమిరి, "నువ్వు కష్టపడకు తల్లీ, కూర్చో" అన్నాడు.

అంతే. మర్నాటి నుంచి వంతు ఆమె ఎడమ పక్క పిల్ల నుంచి కుడి పక్క పిల్లకు గెంతడం మొదలుపెట్టింది. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, ఐదేళ్ళు. తరగతి మారినప్పుడల్లా "పాపం, ఆ పిల్లను లేపకండి" అన్న మాట ఒక మాస్టారి నుంచి ఇంకో మాస్టారికి జాగ్రత్తగా అందుతూ వచ్చింది. ఆమె మాత్రం ప్రతిరోజూ తన వంతుకు రావలసిన వాక్యం ఏదో లెక్కేసుకుని, పెదాలు కదలకుండా లోపల చదువుకుని, సిద్ధంగా కూర్చునేది. ఎవరైనా మరిచిపోయి లేపుతారేమోనని. ఎవరూ మరిచిపోలేదు. మంచివాళ్ళు అలాంటి విషయాల్లో భలే గుర్తుంచుకుంటారు.

కొట్టలేదు, తిట్టలేదు. ఏమని చెప్పుకోవాలి? ఇంట్లో చెబితే తండ్రి మురిసిపోయాడు. "మీ మాస్టారు మనిషి కాదే, దేవుడు. అంత జాలి ఎవరికుంటుంది?" అన్నాడు. జాలిపడ్డవాళ్ళ మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఎక్కడో పెట్టుకుంది.

పెద్దయ్యాక పట్టుబట్టి ఒకటో తరగతి టీచరయింది. కొలువు ఇచ్చే ముందు ముగ్గురు పెద్దమనుషులు ఎదురుగా కూర్చుని, "మీరు చదువుతుంటే పిల్లలు నవ్వరా అమ్మా?" అని అడిగారు. ఆమె తీరిగ్గా, ఎన్నిచోట్ల ఆగాలో అన్నిచోట్లా ఆగి, "ఒకటో తరగతిలో అందరూ కూడబలుక్కునే చదువుతారండీ. వాళ్ళలో నేను కనపడను" అంది. నిజంగానే కనపడలేదు. ఎంతగా అంటే, ఒక ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల్ని చదవమంటే, ముప్పై ఎనిమిది మందీ "ప... ప... పలక" అని ఒక్క గొంతుతో చదివారు. చదవడమంటే అలాగే చదవాలి కాబోలని నేర్చుకున్నారు పాపం. అధికారి తెల్లబోయాడు. ఆమె ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

మొగుడు దర్జీ. ముందుగదిలో మిషను, లోపలి గదిలో కాపురం. మంచివాడు. ఒక్కటే చెడ్డ అలవాటు: ఆమె మాటను ఆమెకంటే ముందు తనే పూర్తిచేస్తాడు. "కొ..." అంటే "కొలత తప్పిందా?" అంటాడు. ఆమె కొట్టుకి వెళ్ళమనబోతోంది. పోనీలే అని ఊరుకునేది. ఆ సంసారంలో సగం పనులు ఆమె అనుకున్నవి కావు, ఆయన ఊహించుకున్నవి.

తరగతిలో మాత్రం ఆమెకో పద్ధతి ఉంది. అడుగు పొడుగు చెక్క స్కేలు ఒకటి చేతులు మారుతూ ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే వంతు. చదివేది వాళ్ళే, చెప్పేది వాళ్ళే. ఎంతసేపు పట్టినా సరే, స్కేలు పక్కవాడికి ఇచ్చేదాకా ఇంకెవరూ నోరు తెరవకూడదు. అందించడానికి లేదు, పూర్తిచేయడానికి లేదు. ఆ స్కేలు ఎవర్నీ దాటి పోకూడదు. ఇరవై రెండేళ్ళు అది ఎవర్నీ దాటలేదు. అందుకే ఆ ఏడాది ఆమె చేసిన పొరపాటు ఆమెకు అంత ఆలస్యంగా కనపడింది.

ఆ ఏడాది ఒకటో తరగతిలో ఒక పిల్ల చేరింది. పుట్టుకతోనే కుడిచేతి వేళ్ళు ముడుచుకుని ఉండేవి, సరిగా తెరుచుకునేవి కావు. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. అమ్మమ్మ బట్టల కొట్టు వెనక ఇస్త్రీ పని చేసేది. పిల్లను చేర్చడానికి వచ్చినప్పుడే చెప్పింది: "మా నిదానమ్మండి ఇది. అన్నీ చేసుకుంటుంది టీచరమ్మా, కాకపోతే రైలు వెళ్ళిపోయాక స్టేషనుకి చేరే రకం." ఆ పేరే తరగతిలో నిలిచిపోయింది.

పిల్లలు ఆటవిడుపుకి వెళ్ళే ముందు, బట్టలు మాయకుండా, గోడకున్న కొక్కేల మీంచి నీలం కోట్లు తీసుకుని తొడుక్కోవాలి. కోటుకి ఐదు బొత్తాలు. కుడిచేతి మణికట్టుతో గుడ్డ అదిమిపెట్టి, ఎడమచేతి బొటనవేలితో బొత్తాన్ని కాజాలోకి తోయడం నిదానమ్మకు అమ్మమ్మ సెలవులంతా నేర్పింది. ఐదూ పెట్టుకుని బయటికి వచ్చేసరికి, లోపలికి రమ్మనే గంట కొట్టడానికి రెండు నిమిషాలుండేవి. ఆ రెండు నిమిషాలూ ఆవరణలో ఒక చుట్టు పరుగెత్తి, రొప్పుకుంటూ లోపలికి వచ్చేది. మొహం వెలిగిపోతూ ఉండేది.

అలా ఉండగా పైనుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి తరగతిలో పిల్లలకు దయ నేర్పాలట. నేర్పినట్టు రుజువు చూపాలట. అన్నిటికంటే దయగల తరగతికి షీల్డు ఇస్తారట. ఆ కాగితం రాసినవాళ్ళు ఎప్పుడైనా ఒకటో తరగతిలో ఒక పూట కూర్చున్నారో లేదో తెలియదు. పెద్ద మాస్టారు అది చదివి, "షీల్డు మన బడికే రావాలి" అన్నాడు.

టీచరమ్మ మొగుడి దగ్గర మిగిలిన పాత బొత్తాలు ఒక పళ్ళెం నిండా తెచ్చింది. బల్ల మీద పెద్ద గాజు సీసా పెట్టింది. ఎవరు ఇంకొకరికి ఒక సాయం చేసినా పళ్ళెంలోంచి ఒక బొత్తం తీసి సీసాలో వేయాలి. సీసా మెడదాకా నిండితే ఒక పూటంతా ఆటలే. మొదటి రోజు ఎంత ముచ్చటగా ఉందో! పడిన పెన్సిళ్ళు ఎత్తి ఇచ్చారు, నీళ్ళు అందించారు, ఏడ్చినవాడి కళ్ళు తుడిచారు. ఆమె మురిసిపోయింది.

మూడో రోజుకి చిక్కు వచ్చిపడింది. ముప్పై ఎనిమిది మంది దయకు సరిపడా దిక్కులేనివాళ్ళు ఆ గదిలో లేరు. ఒకడు పక్కవాణ్ణి తోసి పడేసి, వెంటనే లేపి బొత్తం వేశాడు. ఇంకొకతి స్నేహితురాలి పెన్సిల్ ముక్కు విరిచి చెక్కి ఇచ్చింది. ఇవన్నీ టీచరమ్మ కనిపెట్టింది, మందలించింది. కనిపెట్టలేనిది ఒకటే. తరగతి మొత్తం మెల్లగా నిదానమ్మ మీద పడింది.

ఆ పిల్ల సంచి ఒకరు మోస్తున్నారు, పలక ఒకరు తుడుస్తున్నారు. చెప్పులు తొడగడానికి ఇద్దరు కొట్టుకుంటున్నారు. కోటు కొక్కెం మీంచి తీయకముందే నాలుగు చేతులు వచ్చి ఐదు బొత్తాలూ పెట్టేసి, సీసా దగ్గరికి పరుగెత్తుతున్నాయి. టీచరమ్మ ఆ నాలుగు చేతుల్నీ చూసి, ఇదే కదా కావలసింది అనుకుంది. నిదానమ్మ ఇప్పుడు అందరికంటే ముందే ఆవరణలో ఉంటోంది. పరుగెత్తడం మానేసి గోడవారన నిలబడుతోంది. ఆ సంగతి ఎవరూ చూడలేదు.

రెండో వారం మంగళవారం నాడు ఆ పిల్ల తరగతి లీడరు చేతిని కసుక్కున కొరికింది. పళ్ళు నాలుగూ దిగాయి.

లీడరు తల్లి బడి కమిటీలో సభ్యురాలు. గంటలో పెద్ద మాస్టారి గదిలో ఉంది. గాయం కంటే నాలుగింతలు పెద్ద కట్టుతో కొడుకు పక్కన నిలబడ్డాడు. టీచరమ్మను తరగతిలోంచి, అమ్మమ్మను ఇస్త్రీ బల్ల దగ్గర్నించి పిలిపించారు. ఆవిడ చేతులు ఇంకా వేడిగా ఉన్నట్టు కొంగుతో తుడుచుకుంటూ గుమ్మం పక్కనే ఆగింది.

"మా వాడు దాని బొత్తాలు పెట్టాడండీ. మంచికి పోతే కరిచింది. కుక్కకి అన్నం పెడితే అదైనా తోక ఊపుతుంది" అంది లీడరు తల్లి.

"కుక్కకి తోకుందమ్మా. నా మనవరాలికి లేదు" అంది అమ్మమ్మ.

"మాటకి మాట వద్దమ్మా," అన్నాడు పెద్ద మాస్టారు. "ఊరవతల ఇలాంటి పిల్లల కోసం వేరే బడి ఉంది. అక్కడ పువ్వుల్లో పెట్టి చూసుకుంటారు."

"అక్కడికి పోవాలంటే రెండు బస్సులు మారాలి బాబూ. నేను పనిలో ఉంటే ఎవరు తీసుకెళ్తారు? పంపలేను. ఇంట్లోనే ఉండిపోద్ది."

"ఆ పిల్ల మంచికే చెబుతున్నాను. మీరేమంటారు టీచరమ్మా?"

"నా... నాకు..."

"మీకూ ఇబ్బందిగానే ఉంది. నాకు తెలుసు. శుక్రవారం నాటికి కాగితం తయారుచేస్తాను, కారణం రాసి సంతకం పెట్టండి."

నాకు ఆ పిల్లతో మాట్లాడటానికి రెండు రోజులు కావాలి అనబోయింది ఆమె. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న టీచరు, ఆరేళ్ళ పిల్లలా మాట మింగేసింది. వసారాలోకి వచ్చాక అమ్మమ్మ ఆమె మొహం చూడకుండా, "మీరు కూడా ఏమీ అనలేదే టీచరమ్మా" అంది.

ఆ మాట చురుక్కుమంది.

బడి వదిలాక ఆమె పిల్లను ఆపింది. గదిలో ఇద్దరే. పిల్ల కోటు తొడుక్కునే ఉంది.

"ఎందుకు క... కొరికావమ్మా?"

నిదానమ్మ కోటు బొత్తాలు ఐదూ విప్పేసింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవడం మొదలుపెట్టింది. మణికట్టుతో గుడ్డ అదమడం, బొటనవేలితో తోయడం, జారడం, మళ్ళీ తోయడం. మొదటిది కాజాలో దూరింది. రెండోది దూరింది. మూడోది మూడుసార్లు జారింది. టీచరమ్మ చేయి తనకు తెలియకుండానే ముందుకు పోయింది. పిల్ల పని ఆపి ఆ చేతివైపు చూసింది. కొరకడానికి ముందు లీడరు చేతిని ఎలా చూసిందో బహుశా అలాగే. ఆమె గబుక్కున చేయి వెనక్కి తీసుకుని, దాని మీద కూర్చుంది.

అయిదోది దూరాక పిల్ల తలెత్తింది.

"ఇవాళ అందరికంటే ముందు పరుగెత్తుకెళ్ళి కోటు తీసుకున్నా టీచర్. నాలుగు నేనే పెట్టుకున్నా. అయిదోది వాడొచ్చి పెట్టేసి సీసాలో వేసుకున్నాడు."

టీచరమ్మ నోరు తెరిచింది. ఈసారి అడ్డం పడింది మాట కాదు. నలభై ఏళ్ళ కిందటి బల్ల, ఎడమ పక్క పిల్ల, కుడి పక్క పిల్ల, తల మీద మెత్తటి చేయి. స్కేలును దాటనివ్వలేదు సరే, బొత్తాలను దాటించింది. దానికి ఒక సీసా కూడా పెట్టింది. ఆ మాస్టారికి సీసా పెట్టాలన్న తెలివైనా లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడికి చెప్పబోయింది. "నే... నేను..."

"అలిసిపోయావు. పడుకో" అన్నాడు ఆయన, మిషను తొక్కుతూ.

"ఆ... ఆగు!" అంది ఆమె.

మిషను ఆగింది. ఆయన నోరు తెరిచి మూసుకున్నాడు. ఆమె మొత్తం చెప్పింది. చాలాసేపు పట్టింది. అయ్యాక ఆయన సూది వైపు చూస్తూ, "నేను కూడా అంతేనా?" అన్నాడు. ఆమె తల ఊపింది. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. "చె... చెప్పనిచ్చావా?" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. పూర్తిగా నవ్వులా లేదు అది.

బుధవారం పొద్దున ఆమె సీసా తీసి బొత్తాలన్నీ సంచిలో పోసేసింది. పిల్లలు ఘొల్లుమన్నారు. మెడకి రెండు వేళ్ళ దూరంలో ఉంది మరి. అందరికంటే లీడరు ఎక్కువ ఏడ్చాడు.

"మరి నేనేం చేయాలి టీచర్? దానికి చేయి బాలేదు కదా!"

"అ... అడుగు. పెట్టనా అని అడుగు."

"వద్దంటే?"

"బయటికెళ్ళి ఆడుకో."

"అంతేనా!" అన్నాడు వాడు, నెత్తి మీద బరువు దిగినట్టు. వాడికీ ఆటవిడుపు సగం ఆ బొత్తాల్లోనే పోతోందని ఎవరూ అనుకోలేదు.

అప్పుడామె నిదానమ్మను లేపి, కొరికినందుకు సారీ చెప్పమంది. నిదానమ్మ స్కేలు చేతిలోకి తీసుకుని, ఆలోచించి, "సారీ. మళ్ళీ పెడితే మళ్ళీ కొరుకుతా" అంది. టీచరమ్మ మొహం తిప్పుకుని బోర్డు తుడిచింది. బోర్డు మీద ఏమీ లేదు.

ఆ రోజు నుంచే ఇంకో మార్పు చేసింది. ఆటవిడుపు గంటకు పది నిమిషాల ముందే తరగతి మొత్తం కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాలి. తొందరగా అయినవాళ్ళు కూర్చుని కథ వినాలి. గంట కొట్టాక అందరూ కలిసి బయటికి వెళ్ళాలి. ఇంత చిన్న ఉపాయం. ఇన్నాళ్ళూ ఒక్కరికీ తట్టలేదు. జాలిపడ్డవాళ్ళెవరూ గడియారం వైపు చూడలేదు.

శుక్రవారం ఆమె పెద్ద మాస్టారి గదికి చెక్క స్కేలు పట్టుకుని వెళ్ళింది. కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది.

"కూర్చోండి. కారణం నేనే రాసేశాను, మీరు సంతకం..."

ఆమె స్కేలు ఎత్తి చూపింది. ఆ పద్ధతి బడిలో తెలియనివాళ్ళు లేరు. ఆయన మనవడు కూడా ఆ తరగతిలోనే చదివి వెళ్ళాడు. ఆయన విసుక్కుంటూ వెనక్కి వాలాడు.

"కా... కారణం తరగతి టీచరే రాయాలండీ. నే... నేను వేరే కాగితం రాసి తెచ్చాను. చ... చదువుతాను."

చదివింది. పెద్ద మాస్టారు రెండుసార్లు అందించబోయి, స్కేలు చూసి ఆగాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. బయట ఎవరో పిల్లలు పరుగెత్తుతున్నారు. ఆ కాగితంలో ఉన్నది నాలుగే వాక్యాలు. దయ నేర్పిన రెండు వారాల్లో ఈ తరగతిలో ఒక పిల్ల చేసుకోగల పనులన్నీ ఆ పిల్ల చేతుల్లోంచి లాగేశారు. ఆ ఏర్పాటు చేసింది టీచరు. పిల్ల తన పని తనకు కావాలని చెప్పడానికి దొరికిన దారి పళ్ళే. ఈ కారణం మీద పిల్లను పంపించేయాలని బడి నిర్ణయించింది.

పెద్ద మాస్టారి మొహంలో రంగు మారింది. "ఇది పైకి పోతుందా?"

"కా... కారణం పైకే పోతుంది కదండీ."

"షీల్డుకి చూసే వాళ్ళే ఇది కూడా చూస్తారమ్మా!"

ఆమె స్కేలు బల్ల మీద ఆయన వైపు జరిపింది. మీ వంతు అన్నట్టు.

ఆయన తన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ఆమెది మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిదానమ్మ ఆ బడిలో దయ వల్ల ఉండలేదు, భయం వల్ల ఉంది. టీచరమ్మకు ఏ పట్టింపూ లేదు. ఉంటే చాలు.

షీల్డు రెండో తరగతికి వచ్చింది. లీడరు తల్లి ఆ ఏడాదంతా ఆమెను పలకరించలేదు. తరగతిలో మాత్రం ఒక వారం పాటు ఒకటే గోల: "బొత్తం పెట్టనా?" "వద్దు!" "పలక తుడవనా?" "వద్దు!" "ముక్కు చీదనా?" "వద్దు వద్దు!" ముప్పై ఎనిమిది మందికీ ఆ మాట పటికబెల్లంలా దొరికింది. వారం తర్వాత ఒకరోజు నిదానమ్మ లీడరు ముందుకు పెన్సిల్ చాచి, "చెక్కు" అంది. వాడు చెక్కాడు. సీసా ఉన్న చోటు వైపు ఒకసారి చూసి, గుర్తొచ్చి, చెక్కిన పొట్టు జేబులో వేసుకున్నాడు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. టీచరమ్మ కొలువు దిగింది. మొగుడు పోయాడు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నిదానమ్మ పోస్టాఫీసులో కిటికీ వెనక కూర్చునేది. ఎడమచేత్తో ముద్రలు కొట్టేది. ఆ కిటికీ ముందు వరస ఎప్పుడూ పొడుగ్గానే ఉండేదని, అయినా తప్పు ముద్ర ఒక్కటీ పడలేదని చెప్పుకునేవారు.

వాళ్ళు చివరిసారి కలిసింది ఆ పోస్టాఫీసు ఎదురుగా, కూరల సందు మొదట్లో. టీచరమ్మ సంచి నిండా కూరలు కొనుక్కుని, చేయి మార్చుకుంటూ నడుస్తోంది. నిదానమ్మ పని దిగి వస్తూ చూసి, దగ్గరికొచ్చింది. చేయి చాచలేదు. ఒక అడుగు దూరంలో ఆగింది.

"సంచి పట్టుకోనా టీచర్?"

"వ... వ..."

వెనక సైకిల్ మీద వస్తున్నవాడు ఆగాడు. "వద్దంటున్నారమ్మా, ముందు దారివ్వండి" అన్నాడు.

"మీరు ఆగండి. ఇంకా చెబుతున్నారు" అంది నిదానమ్మ. అని, టీచరమ్మ మొహం వైపు చూస్తూ నిలబడింది. అందించలేదు, తల ఊపలేదు, జాలిగా నవ్వలేదు. బల్ల మీద తన వంతు కోసం ఎదురుచూసే పిల్లలా, ఊరికే ఆగింది. వాడు గొణుక్కుంటూ సైకిల్ పక్కనుంచి నడిపించుకుపోయాడు.

టీచరమ్మ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"వ... వంకాయలే, పెద్ద బరువేం కాదు. ఒక పక్క నువ్వు పట్టుకో, ఒక పక్క నేను పట్టుకుంటా. మా... మాట్లాడుకుంటూ పోదాం."